ముగ్గురే ఓనర్లు అంటున్నారు సరే, కాగితాలు ఉన్నాయా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 46 ఏళ్లు, ఐటీ ఉద్యోగం. ఫోర్డ్ వారి పాత మస్టాంగ్ కారంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. మాకు దగ్గర్లో ఒకాయన పూర్తిగా రీస్టోర్ చేసిన 1967 మస్టాంగ్ కూపేను 48,000 డాలర్లకు అమ్ముతున్నారు. ఇప్పటికి ముగ్గురే ఓనర్లట. జీటీ (స్పోర్ట్స్ ప్యాకేజీ) మోడల్ అట, 225 హార్స్‌పవర్ అట, ఇంజిన్ 'మ్యాచింగ్ నంబర్స్' అట, అంటే ఫ్యాక్టరీలో పెట్టిన ఇంజినే ఇంకా ఉందట. వీఐఎన్ (కారు గుర్తింపు నంబరు) '7ఆర్01సి'తో మొదలవుతుంది. నా చేతిలో 20,000 ఉంది. మిగతాది పాప కాలేజీ చదువు కోసం దాస్తున్న 529 ఖాతాలోంచి తీద్దామనుకుంటున్నాను. పాప తొమ్మిదో తరగతి. కారు పెట్టుబడిగానూ పనికొస్తుంది కదా? మా ఆవిడకు మాత్రం ఇష్టం లేదు.

జవాబు: ముందు ఆ వీఐఎన్ చూద్దాం. 7 అంటే 1967. ఆర్ అంటే ఫోర్డ్ వారి శాన్ హోసే ప్లాంట్. 01 అంటే హార్డ్‌టాప్, అంటే మీ కూపే. సి అంటే టూ బ్యారెల్ కార్బ్యురేటర్ (ఇంజిన్‌కు గాలి, పెట్రోలు కలిపి అందించే భాగం) ఉన్న 289 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, 200 హార్స్‌పవర్. 225 హార్స్‌పవర్ ఇంజిన్‌తో పుట్టిన కారైతే అక్కడ 'ఎ' ఉండాలి. తర్వాత ఎవరో కార్బ్యురేటర్ మార్చి ఉండవచ్చు, ఇంజినే మార్చి ఉండవచ్చు. ఏదైనా సరే, మొదటి ఐదు అక్షరాల దగ్గరే ఆయన చెప్పినదానికీ కారుకూ పొంతన కుదరలేదు.

'మ్యాచింగ్ నంబర్స్' అన్న మాటకు ఎక్కువ డబ్బు పెట్టకండి. 1967లో మామూలు 289 ఇంజిన్ల మీద ఫోర్డ్ వీఐఎన్ కొట్టలేదు. వీఐఎన్‌లో 'కె' అని ఉండే హై పెర్ఫార్మెన్స్ ఇంజిన్లకే కొట్టింది, మిగతావాటికి 1968 నుంచి వచ్చింది. మీరు చూస్తున్న కారులో ఇంజిన్ బ్లాకు పోత పోసిన తేదీ, కారు తయారైన తేదీకి కాస్త ముందుగా ఉందో లేదో చూడగలం, అంతే. దాన్నిబట్టి ఇది ఆ కారులోనే పుట్టిన ఇంజిన్ అని ఎవరూ రుజువు చేయలేరు.

జీటీ సంగతి మాత్రం తేల్చుకోవచ్చు. వీఐఎన్‌లో జీటీ అని ఉండదు. బ్యాడ్జీలు, గ్రిల్‌లో ఫాగ్ ల్యాంపులు బజార్లో దొరుకుతాయి, డోర్ మీద ఉండే డేటా ప్లేట్ కూడా కొత్తది చేయించుకోవచ్చు. కానీ 1967 నుంచి ఫోర్డ్ ఉత్పత్తి రికార్డులు మార్టి ఆటో వర్క్స్ అనే సంస్థ దగ్గర ఉన్నాయి. వీఐఎన్ ఇస్తే కారు ఏ ఆప్షన్లతో తయారైందో, ఏ డీలరుకు వెళ్లిందో డీలక్స్ రిపోర్టులో ఇస్తారు. ఖర్చు కొన్ని పదుల డాలర్లే. అది చేతికొచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఇక ఆ ముగ్గురు ఓనర్లు. మన ఊళ్లో స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూడకుండా బయానా ఇస్తామా? ఇక్కడా అంతే. 17 అంకెల వీఐఎన్ 1981 మోడళ్లతో వచ్చింది. అంతకు ముందు కార్లకు ఆన్‌లైన్ హిస్టరీ రిపోర్టులు పనికిరావు. ఓడోమీటర్‌కు ఐదంకెలే, లక్ష మైళ్లు తిరిగితే మళ్లీ సున్నా నుంచి మొదలు. కాబట్టి పాత టైటిళ్ల (యాజమాన్య పత్రాల) కాపీలు, బిల్ ఆఫ్ సేల్, రిజిస్ట్రేషన్ కార్డులు, రీస్టోరేషన్ ఇన్వాయిసులు అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, రంగు వేయకముందు తీసిన ఫోటోలు. ఈ కారులో తుప్పు విండ్‌షీల్డ్ కింది కౌల్ అనే రేకు భాగంలో, ఫ్లోర్ పాన్లలో (కారు అడుగు రేకుల్లో), అడుగును బలపరిచే టార్క్ బాక్సుల్లో దాక్కుంటుంది. పెయింట్ ఎంత మెరుస్తున్నా అది పైకి తెలియదు. ఇప్పుడున్న టైటిల్ మీద అమ్మే ఆయన పేరే లేకపోతే ఇంకేం అడగకుండా వచ్చేయండి.

పెట్టుబడి అన్నారు కదా. 1967లో ఫోర్డ్ 4,72,121 మస్టాంగ్‌లు చేసింది. అందులో హార్డ్‌టాప్‌లే 3,56,271. కప్పు వెనక్కి వాలుగా దిగే ఫాస్ట్‌బ్యాక్‌లు 71,042. అంటే మీరు చూస్తున్నది అన్నిటికన్నా ఎక్కువగా దొరికే బాడీ. స్పేర్ పార్టులు సులువుగా దొరకడం దీని గొప్పతనం, నడుపుకునేవాళ్లకు నిజంగా మంచి కారు. ధర పెరుగుతుందని మాత్రం లెక్క వేసుకోకండి. టెక్సస్‌లో 6.25 శాతం సేల్స్ టాక్స్ అంటే 48,000 మీద 3,000 మొదటి రోజే పోతుంది. ఏడాది దాటాక లాభానికి అమ్మితే, కలెక్టిబుల్ కింద ఫెడరల్ పన్ను 28 శాతం వరకు పడవచ్చు. సొంతానికి వాడుకున్న కారు నష్టానికి అమ్మితే ఆ నష్టం పన్నులో చూపుకోవడానికి వీల్లేదు.

529 ముట్టుకోవద్దు. ఈ విషయంలో నేను మీ ఆవిడ పక్షం. కారు కోసం తీస్తే అందులోని లాభానికి ఆదాయపు పన్ను, దాని పైన 10 శాతం పెనాల్టీ. అంతకు మించి, పాప కాలేజీకి ఇంకా నాలుగేళ్లే ఉంది. ఆ ఖాతా మళ్లీ నింపడానికి ఆ కాలం చాలదు.

చేతిలోని 20,000 మీ ఎమర్జెన్సీ ఫండ్ కాకపోతే దానితోనే కొనండి. టాక్స్, ఇన్సూరెన్స్, మొదటి ఏడాది రిపేర్లు అందులోనే సర్దుకోవాలి కాబట్టి కారుకు 16,000 అనుకోండి. అంత మెరుపు ఉండదు, సీట్లు కొంచెం చిరిగి ఉండవచ్చు. కానీ అడుగు గట్టిగా ఉండి కాగితాలు సరిగ్గా ఉంటే, ఆదివారం పొద్దున్నే పాపను పక్కన కూర్చోబెట్టుకుని టెన్షన్ లేకుండా తిరిగి రావచ్చు. ఇన్సూరెన్స్ 'అగ్రీడ్ వాల్యూ' (ముందే ఒప్పుకున్న విలువ ఇచ్చే) పాలసీనే తీసుకోండి. మామూలు పాలసీలో పాత కారుకు తరుగు కట్టి ఇస్తారు.

ఈ కారే కావాలని మనసు లాగుతుంటే, రిపోర్ట్ వచ్చాక దాన్ని, వీఐఎన్‌లోని ఆ 'సి'ని ఆయన ముందు పెట్టి ధర మళ్లీ అడగండి. అప్పుడు ఆయన ఏమన్నారో నాకు రాయండి.