హాల్సియన్ అనే మాట ఎక్కడిది, ఎప్పుడు వాడాలి?

హాల్సియన్ అంటే డిక్షనరీలో ‘ప్రశాంతమైన’ అని ఉంది, మరి కామ్, పీస్‌ఫుల్ ఉండగా ఇదెందుకు, ఎక్కడ వాడాలి అని అడిగారు. దీని వెనక కథ తెలిస్తే వాడకం దానంతటదే పట్టుబడుతుంది.

గ్రీకులు లకుముకి పిట్టను అల్క్యోన్ అనేవారు. వాళ్ల పురాణంలో ఆల్కియోనీ గాలుల దేవుడు ఇయోలస్ కూతురు. భర్త సీయిక్స్ ఓడ మునిగి చనిపోతే తట్టుకోలేక తనూ సముద్రంలో దూకింది. దేవతలు జాలిపడి ఇద్దరినీ పిట్టలుగా మార్చారు. నడి చలికాలంలో ఆ పిట్ట సముద్రం మీదే గూడు కట్టి గుడ్లు పొదుగుతుందని, అన్నాళ్లూ తండ్రి గాలుల్ని కట్టడి చేస్తాడని నమ్మేవారు. డిసెంబరులో పగలు బాగా చిన్నదయ్యే రోజుకు ముందు ఏడు, తర్వాత ఏడు, మొత్తం 14 రోజులు. అవే హాల్సియన్ డేస్. మొదట్లో ఉన్న ‘హ’ తర్వాత వచ్చి చేరింది. గ్రీకులో హాల్స్ అంటే సముద్రం, పిట్టకూ దానికీ ముడిపెట్టేశారు.

ఇంగ్లండులో ఇంకో నమ్మకం ఉండేది. ఎండిన లకుముకి పిట్టను వేలాడదీస్తే గాలి ఎటు నుంచి వస్తే అటు ముక్కు తిప్పుతుందట! 17వ శతాబ్దంలో థామస్ బ్రౌన్ అనే వైద్యుడు స్వయంగా వేలాడదీసి చూసి, అదేం లేదని తేల్చాడు.

అసలు లకుముకి నీళ్ల మీద గూడే కట్టదు, మట్టి గట్టుకు బొరియ తవ్వుతుంది. మా కోనసీమలో కాలవ గట్లకు ఆ గుండ్రటి బొరియలు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. జీఆర్ఈకి చదివేటప్పుడు ఈ మాట ఎంత బట్టీపట్టినా నిలవలేదు. తర్వాతెప్పుడో పక్షుల పుస్తకం తిరగేస్తుంటే, కరెంటు తీగల మీద రోజూ కనిపించే పిట్ట బొమ్మ తగిలింది. ముదురు గోధుమ రంగు తల, తెల్లటి గొంతు, నీలం రెక్కలు, లావుపాటి ఎర్రముక్కు. కింద దాని శాస్త్రీయ నామం: హాల్సియన్ స్మిర్నెన్సిస్. ఆ తర్వాత ఇక మరిచిపోతే ఒట్టు.

ఇక వాడకం. ఆ 14 రోజులకు అటూ ఇటూ ఈదురుగాలులే. అందుకే కష్టకాలం ముంచుకొచ్చే ముందో, రెండు కష్టాల నడుమనో దక్కిన మంచిరోజులకు ఈ మాట చక్కగా అతుకుతుంది. ఎక్కువగా గడిచిపోయిన కాలాన్ని బెంగగా తలుచుకునేటప్పుడు వాడతారు. డేస్, ఇయర్స్, సమ్మర్ లాంటి మాటల పక్కన ఇముడుతుంది. ‘ద హాల్సియన్ డేస్ బిఫోర్ ద వార్’ అంటే సహజంగా ఉంటుంది. నెమ్మదస్తుణ్ని ‘హాల్సియన్ పర్సన్’ అంటే మాత్రం ఎబ్బెట్టుగా ఉంటుంది, అక్కడ కామ్ చాలు. ఆఫీసు మెయిళ్లలో వద్దు, వ్యాసాల్లో, జ్ఞాపకాల్లో బాగుంటుంది. పలికేటప్పుడు హాల్-సి-అన్, మొదటి ముక్క నొక్కి పలకాలి. పరీక్షలో దీనికి వ్యతిరేకార్థం అడిగితే టెంపెస్టువస్, టర్బులెంట్ లాంటివి వెతకండి.