సంతకాలు పెట్టే ముందు మాట్లాడుకోవలసినవి

చి.సౌ. మాధవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. వచ్చే నెలలో ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యకణాన్ని శరీరం బయట కలిపి, ఏర్పడిన పిండాన్ని గర్భంలో పెట్టే చికిత్స) మొదలుపెడుతున్నారనీ, దాత అండాలతో ప్రయత్నించమని డాక్టరుగారు సూచించారనీ మీ అమ్మ చెప్పింది. సంతాన సాఫల్య కేంద్రంలో నర్సుగా చాలాకాలం పనిచేసినదాన్ని కనుక నా సలహా అడిగావు. చికిత్స సంగతులు డాక్టరుగారు వివరిస్తారు. అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టే రోజున ఆ గదిలో లేనివాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. నేను రాస్తున్నది వాళ్ళ గురించే. అల్లుడుగారికి కూడా ఈ ఉత్తరం చూపించు.

ముందుగా అండం ఇచ్చే స్త్రీ. ఆమె సుమారు పది పన్నెండు రోజులు హార్మోను ఇంజెక్షన్లు వేయించుకోవాలి. ఆ తరువాత మత్తు ఇచ్చి, స్కానులో చూస్తూ సూదితో అండాలు తీస్తారు. కొందరికి అండాశయాలు ఉబ్బి, పొట్టలో నీరు చేరి, ఆసుపత్రిలో ఉండవలసి వస్తుంది. మత్తు పూర్తిగా దిగకముందే, బడి నుంచి పిల్లలు వచ్చే వేళయిందని చెప్పులు వెతుక్కున్న దాతలను నేను చూశాను. అప్పుల బాధ లేకుండా ఈ పనికి వచ్చినవాళ్ళు నాకు అరుదుగా కనిపించారు. ఇటువంటి చికిత్సల కోసం చేసిన 2021 నాటి చట్టం దాత వయసు 23 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉండాలనీ, ఆమె జీవితంలో ఒక్కసారే అండాలు ఇవ్వాలనీ, ఏడుకు మించి తీయరాదనీ, ఆమె పేరిట 12 నెలల బీమా మీరే చేయించాలనీ చెబుతోంది. దాతను రిజిస్టరైన బ్యాంకు, అంటే దాతలను సమకూర్చే సంస్థ, ద్వారానే తీసుకోవాలి. కాబట్టి బీమా కాగితం చూపించమని అడుగు. కొంత ఎక్కువ కడితే ఎక్కువ అండాలు వచ్చే దాతను చూస్తామని ఎవరైనా అంటే, ఆ ఎక్కువ ఎవరి ఒంట్లోంచి వస్తుందో గుర్తుపెట్టుకుని వద్దని చెప్పు. దాత ఫలానా కులం కావాలని, తెల్లగా ఉండాలని పట్టుబట్టే దంపతులు చాలామందే ఉంటారు. రక్తం గ్రూపు, వంశంలోని జబ్బుల గురించి అడగడం న్యాయం. కులం గురించి అడగడంలో నాకైతే ఏ న్యాయమూ కనిపించదు.

గర్భంలో పెట్టగా మిగిలిపోయే పిండాల విషయం ఇంకా కష్టమైనది. వాటిని ద్రవ నత్రజనిలో పదేళ్ళకు మించకుండా నిల్వ ఉంచవచ్చు. గడువు తీరాక నశించనివ్వాలి, లేదా మీ అంగీకారంతో పరిశోధనకు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరు మరణిస్తే, లేదా మీరు విడిపోతే వాటినేం చేయాలని పత్రంలో అడుగుతారు. చాలామంది ఆ ప్రశ్నను అపశకునంగా భావించి, చదవకుండానే టిక్కు పెట్టేస్తారు. ఒక బిడ్డను ఎత్తుకున్న తరువాత అదే పిండం గురించి మనసు వేరుగా ఆలోచిస్తుంది కనుక, రెండో బిడ్డను కోరుకుంటారా లేదా అన్నది ఇప్పుడే మాట్లాడుకోండి. ఒకే ఖర్చుతో ఇద్దరు పుడతారని చుట్టాలు ఆశపెట్టినా రెండు పిండాలు పెట్టమని అడగవద్దు. కవలల గర్భంలో రక్తపోటు, నెలలు నిండకుండానే కాన్పు అయ్యే ప్రమాదం ఎక్కువ. 2019లో గుంటూరులో 74 ఏళ్ళ మహిళకు కవలలు పుట్టినప్పుడు ఊరంతా సంబరపడింది. నాకు మాత్రం ఆ పిల్లలను పెంచేదెవరన్న దిగులే మిగిలింది. ఇప్పుడు చట్టం స్త్రీకి 50 ఏళ్ళ పరిమితి పెట్టింది.

మగపిల్లవాడే కావాలన్న మాట ఇంట్లో ఎవరు ఎత్తినా అక్కడే ఆపెయ్యండి. అది నేరం.

బిడ్డకు చెప్పడం గురించి. చట్టం దృష్టిలో పుట్టే బిడ్డ పూర్తిగా మీ బిడ్డే, దాతకు ఏ హక్కూ ఉండదు. అయితే బారసాలనాడే "ముక్కు ఎవరి పోలిక?" అన్న ప్రశ్న మొదలవుతుంది, పెద్దయ్యాక ఏ డాక్టరో మీ అమ్మగారికి షుగరు ఉందా అని అడుగుతారు. ఇంట్లో నలుగురికి తెలిసిన సంగతి బిడ్డకు ఐదోవారి నోట తెలియడం కంటే, నాలుగైదేళ్ళ వయసు నుంచే చిన్న మాటల్లో నువ్వే చెప్పడం మంచిదని నా నమ్మకం. అందుకే ఈ సంగతి ఎవరెవరికి చెప్పాలో ఇప్పుడే తేల్చుకోండి. మీ అమ్మకు కూడా ఆ హద్దు చెప్పు.

ఇది ఫలించకపోతే, డబ్బిస్తే సరోగసీకి, అంటే మీ బిడ్డను తన గర్భంలో మోయడానికి, ఒక స్త్రీని చూస్తామని ఎవరో ఒకరు వస్తారు. బీమా, వైద్య ఖర్చులు తప్ప ఆమెకు డబ్బు ఇవ్వడం నిషిద్ధం. ముందుగా కోర్టు ఉత్తర్వు తీసుకోవాలి. 2025లో సికింద్రాబాదులో, సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డేనని ఒక దంపతుల చేతిలో పెట్టిన శిశువు వారి బిడ్డ కాదని డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. అటువంటి దారి ఎంత సులువుగా కనిపించినా అటు వెళ్ళవద్దు.

పత్రాల నకలు ముందుగానే అడిగి ఇంటికి తెచ్చుకోండి. పిండాల గురించిన ప్రశ్నలకు మీరిద్దరూ విడివిడిగా జవాబులు రాసుకుని, తరువాత కలిపి చూసుకోండి. తేడా వస్తే చికిత్స ఒక నెల వాయిదా వేయమని అడగండి. అండాలు దాతవి కనుక, నెల ఆలస్యమైనంత మాత్రాన నీకు పోయేదేమీ ఉండదు. పిండాన్ని గర్భంలోకి పంపేవరకు అంగీకారాన్ని వెనక్కు తీసుకునే హక్కు కూడా మీకుంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ