చిగుళ్ళు, కాన్పు, నడుము ఆపరేషన్: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం కడుపుతో ఉన్నవాళ్ళవి, మిగతావి వెన్నెముక ఆపరేషన్ చుట్టూ తిరిగేవి. రెండు చోట్లా మధ్యలో నోరు వచ్చి కూర్చుంది కాబట్టి కలిపే రాసేస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు ఐదో నెల. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తోంది. చిగుళ్ళ జబ్బు ఉంటే నెలలు నిండకుండానే కాన్పు అవుతుందని ఎక్కడో చదివాను, అప్పట్నుంచీ నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు క్లీనింగ్ చేయించుకుంటే ఆ ప్రమాదం తప్పుతుందా?

జవాబు: ముందు నిద్రపోండమ్మా. గర్భంతో ఉన్నప్పుడు చిగుళ్ళు వాచి నెత్తురు రావడం చాలా మామూలు, నూటికి 60 నుంచి 75 మందిలో ఎంతో కొంత కనిపిస్తుంది. హార్మోన్లు పెరిగేసరికి చిగుళ్ళకు రక్తం ఎక్కువగా చేరుతుంది, పళ్ళ మీద పేరుకున్న పాచి కొంచెమే అయినా చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది. నెత్తురు చూసి భయపడి బ్రష్ ఆపేస్తారు చూడండి, అసలు తప్పు అక్కడ జరుగుతుంది. పాచి ఇంకా పేరుకుని నెత్తురు ఇంకా ఎక్కువవుతుంది. మెత్తటి బ్రష్‌తో రోజూ రెండు పూటలా తోముకోవాల్సిందే.

ఇక మీరు చదివిన విషయం. అది గాలివార్త కాదు, 1996లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఆఫెన్‌బాకర్ అనే పరిశోధకుడి బృందం 124 మంది ఆడవాళ్ళను పరిశీలించి, చిగుళ్ళ జబ్బు ముదిరినవాళ్ళలో నెలలు నిండక తక్కువ బరువు బిడ్డలు పుట్టే అవకాశం ఏడు రెట్లు ఎక్కువని రాసింది. ఏడు రెట్లంటే ఎవరైనా ఉలిక్కిపడతారు. కానీ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి, చిగుళ్ళు బాగా పాడైనవాళ్ళలో పొగతాగేవాళ్ళూ, షుగర్ ఉన్నవాళ్ళూ, డబ్బుకు ఇబ్బందిపడి డాక్టరు గడప తొక్కనివాళ్ళూ కూడా ఎక్కువే ఉంటారు. కాన్పు ముందే రావడానికి వాటిలో ఏదైనా కారణం కావచ్చు. రెండూ ఒకే మనిషిలో కనబడ్డంత మాత్రాన ఒకదాని వల్లే ఇంకోటి వచ్చిందని చెప్పలేం.

అది తేలాలంటే లాటరీ తీసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకి గర్భంలోనే చిగుళ్ళ వైద్యం చేసి, రెండో జట్టుకి కాన్పు అయ్యాక చేసి చూడాలి. 2006లో అదే చేశారు, అమెరికాలోనే, 823 మందితో. 21 వారాల లోపు వైద్యం అందినవాళ్ళలో నెలలు నిండని కాన్పులు 12 శాతం, తర్వాత చేయించుకున్నవాళ్ళలో 12.8 శాతం. అంటే తేడా లేనట్టే. 2009లో ఆ ఆఫెన్‌బాకర్ గారే సుమారు 1800 మందితో ఇంకా పెద్ద పరీక్ష పెట్టారు. ఫలితం 13.1 శాతం, 11.5 శాతం, వైద్యం అందిన జట్టుదే ఆ ఎక్కువ అంకె! ఆ తేడా కూడా లెక్కలోకి తీసుకునేంత పెద్దది కాదు లెండి. తను లేపిన ఆశను తనే పరీక్షకు పెట్టి, నిలబడలేదని తనే అచ్చు వేయించడం నాకైతే భలే నచ్చుతుంది.

అయితే ఆ పరీక్షల్లో వార్తలకెక్కని ఫలితం ఇంకోటుంది. వైద్యం చేయించుకున్నవాళ్ళ చిగుళ్ళు బాగుపడ్డాయి, తల్లికీ బిడ్డకీ ఆ వైద్యం వల్ల హాని పెరగలేదు. గర్భంలో లోతుగా క్లీనింగ్ చేయవచ్చా అని సందేహించే డాక్టర్లకు అంతకంటే పెద్ద భరోసా ఏముంది? కాబట్టి మీరు హాయిగా వెళ్ళి చేయించుకోండి, మీ చిగుళ్ళ కోసం. ముందే కాన్పు రాకుండా ఆపుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. అసలు గర్భం రాకముందే చిగుళ్ళు బాగుచేసుకుంటే ఏమవుతుందనేది ఇంకా తేలాల్సిన ప్రశ్న.

ఒక కొత్త సంగతి కూడా చెప్పాలి. ఆఫ్రికాలోని మలావీ దేశంలో, నెలలు నిండని కాన్పులు బాగా ఎక్కువగా ఉన్న చోట, 10,069 మంది ఆడవాళ్ళతో ఒక పరిశోధన జరిగింది. ఒక జట్టుకి జైలిటాల్ అనే తీపి కలిపిన చూయింగ్ గమ్ ఇచ్చి రోజుకు ఒకటి రెండుసార్లు నమలమన్నారు. 2022లో చెప్పిన ఫలితం ప్రకారం గమ్ నమిలిన జట్టులో ముందస్తు కాన్పులు 12.6 శాతం, మిగతావాళ్ళలో 16.5 శాతం. ఊరించే అంకెలే. కాకపోతే అక్కడ మనిషి మనిషికీ లాటరీ తీయలేదు, ఆరోగ్య కేంద్రాలకు తీశారు, అలాంటప్పుడు కేంద్రానికీ కేంద్రానికీ ఉండే తేడాలు కూడా లెక్కలోకి చొరబడవచ్చు. వేరే చోట్ల కూడా ఇదే తేలాక అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రశ్న: మూడో నెల. పిప్పి పన్ను ప్రాణం తోడేస్తోంది. ఎక్స్‌రే, మత్తు సూది బిడ్డకు మంచివి కావని ఇంట్లో పెద్దవాళ్ళు కాన్పు అయ్యేదాకా ఓర్చుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఓర్చుకోవద్దు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2013లోనే స్పష్టంగా చెప్పింది, అవసరమైన పళ్ళ వైద్యం ఏ నెలలోనైనా చేయవచ్చు, పంటి ఎక్స్‌రే తీయవచ్చు, లిడొకెయిన్ అనే మామూలు మత్తు సూది ఇవ్వవచ్చు అని. అప్పట్లో పొట్ట మీదా గొంతు మీదా సీసపు కవచం కప్పమన్నారు. ఇప్పటి యంత్రాల్లో కిరణం ఎంత సన్నగా, ఎంత తక్కువగా వస్తుందంటే, 2024లో అమెరికా డెంటల్ అసోసియేషన్ ఆ కవచం కూడా అక్కర్లేదంది. కప్పుకుంటే మీ మనసు కుదుటపడుతుందంటే అడగండి, తప్పేం లేదు. తొందర లేని పనైతే నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా కుర్చీలో కూర్చోవడం సుఖంగా ఉంటుంది, అంతే. నొప్పి, వాపు, చీము ఉన్నప్పుడు నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు.

మందుల దగ్గర మాత్రం జాగ్రత్త. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేసుకోవచ్చు, అమాక్సిసిలిన్ కూడా. టెట్రాసైక్లిన్ జాతి మందులు వద్దు, పుట్టబోయే బిడ్డ పళ్ళకు మరకలు పడతాయి. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగకండి, 20 వారాలు దాటాక అయితే అసలు వద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది, బిడ్డ మూత్రపిండాల మీద ప్రభావం పడి ఉమ్మనీరు తగ్గవచ్చని.

వేవిళ్ళతో వాంతి అయ్యాక వెంటనే బ్రష్ పట్టుకోవద్దు. కడుపులోని ఆమ్లం తగిలి పంటి పైపొర మెత్తబడి ఉంటుంది, అప్పుడే తోమితే అది అరిగిపోతుంది. కప్పు నీళ్ళలో చెంచాడు వంట సోడా కలిపి పుక్కిలించి, కాసేపాగి తోముకోండి. నెలలు నిండుతున్న కొద్దీ డెంటిస్ట్ కుర్చీలో వెల్లకిలా పడుకుంటే కళ్ళు తిరగవచ్చు, గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి. కుడి పిర్ర కింద చిన్న దిండు పెట్టించుకుని కాస్త ఎడమకు ఒరగండి.

ప్రశ్న: కాన్పుకొక పన్ను పోతుందంటారు, బిడ్డ తల్లి పళ్ళలోంచి కాల్షియం లాక్కుంటుందట, నిజమేనా?

జవాబు: కాదు. ఒకసారి గట్టిపడిన పన్ను నుంచి కాల్షియం తిరిగి రక్తంలోకి పోయే దారి లేదు. ఆహారంలో చాలకపోతే తల్లి ఎముకల నుంచి పోతుంది. పళ్ళు పోయేది పిప్పి వల్ల, చిగుళ్ళ జబ్బు వల్ల, ముఖ్యంగా పైన చెప్పిన పెద్దవాళ్ళలా వాయిదా వేయించడం వల్ల.

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్ళు. నడుములో స్క్రూలు వేసి ఎముకలు అతికించే ఆపరేషన్ చేయాలన్నారు. ముందు పళ్ళ డాక్టరు దగ్గర చూపించుకుని చీటీ తెమ్మంటున్నారు. నడుముకీ నోటికీ ఏం సంబంధమండీ?

జవాబు: సర్జన్ ఆలోచన ఇది: నోట్లో చీము ఉంటే ఆ క్రిములు రక్తంలో కలిసి కొత్తగా వేసిన లోహం మీద గూడు కట్టుకుంటే, వాటిని వదిలించడం చాలా కష్టం. న్యాయమైన భయమే. కానీ వెన్ను ఆపరేషన్ తర్వాత వచ్చే ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువ భాగం చర్మం మీద, ముక్కులో ఉండే స్టెఫైలోకాకస్ లాంటి క్రిములవే, నోటివి కావు. మోకాలి, తుంటి కీళ్ళ మార్పిడి గురించి 2010లో వచ్చిన పరిశోధనలో, ఇన్‌ఫెక్షన్ వచ్చిన 339 మందినీ రానివాళ్ళు 339 మందినీ పక్కపక్కన పెట్టి చూస్తే, పళ్ళ వైద్యం చేయించుకోవడానికీ కీలు చెడటానికీ లంకె కనబడలేదు. వెన్ను మీద అంతపాటి ఆధారాలు కూడా లేవు. అందుకని, చీము పట్టిన పన్ను, వాచిన చిగురు ఉంటే ఆపరేషన్‌కి ముందే తేల్చుకోవాలి. అంతేగానీ ఎప్పటినుంచో నొప్పి లేకుండా ఉన్న చిన్న పిప్పి కోసం, కాలు పట్టు తప్పుతున్న మనిషికి ఆపరేషన్ వాయిదా వేయకూడదు.

చీటీ అవసరానికి ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ పేషెంట్లకు చెప్పరు. వెన్ను ఆపరేషన్‌లో నరాలు సవ్యంగా పనిచేస్తున్నాయా అని చూడటానికి కొన్నిసార్లు తల మీద నుంచి చిన్న కరెంటు ఇస్తారు. అది ఇచ్చినప్పుడల్లా కాళ్ళూ చేతులతో పాటు దవడ కూడా టక్కున బిగుసుకుంటుంది. మనిషి మత్తులో బోర్లా పడుకుని ఉంటాడు, నోట్లో గొట్టం, నాలుక పళ్ళ మధ్యకు వస్తే తెగుతుంది. అందుకే రెండు వైపులా దవడ పళ్ళ మధ్య గాయాలకు కట్టే మెత్తటి గుడ్డ చుట్టలు పెడతారు. అక్కడ ఊగే పన్ను ఒకటి ఉందనుకోండి, అది ఊడి గొంతులోకి జారవచ్చు. నాన్నగారికి కదిలే పన్ను, క్యాప్, కట్టుడు పళ్ళు ఏమున్నా మత్తు డాక్టరుకి ముందు రోజే చెప్పండి.

పొగతాగే అలవాటుంటే కనీసం నాలుగు వారాల ముందు ఆపించండి. నికోటిన్ ఎముక అతుక్కోవడాన్ని అడ్డుకుంటుంది, చిగుళ్ళనూ తినేస్తుంది. పైగా పొగతాగేవాళ్ళ చిగుళ్ళ నుంచి నెత్తురు తక్కువ వస్తుంది కాబట్టి జబ్బు లోపల్లోపలే ముదురుతుంది.

ఇంటికొచ్చాక అసలు తంటా వాష్‌బేసిన్ దగ్గర మొదలవుతుంది. ఉమ్మేయడానికి వంగడమంటే నడుము నుంచి వంగడమే కదా, అదే వద్దన్నారు. నిటారుగా నిలబడి తోముకుని కప్పులో ఉమ్మి పక్కన పెట్టమనండి. ఒక పాదం చిన్న పీట మీద పెట్టుకుంటే నడుముకి హాయిగా ఉంటుంది. బలమైన నొప్పి మందులు వాడితే నోరు ఎండిపోతుంది, లాలాజలం లేని నోట్లో పిప్పి త్వరగా పడుతుంది, కాబట్టి గుక్కగుక్కగా నీళ్ళు. అత్యవసరం కాని పళ్ళ పనులు మొదటి మూడు నెలలు వద్దని చాలామంది సర్జన్లు అంటారు, మీ సర్జన్‌నే అడిగి అలాగే చేయండి.

ప్రశ్న: డిస్క్ ఆపరేషన్ అయ్యాక రెండు రోజులు గ్యాస్ పోలేదు, పొట్ట రాయిలా ఉంది. నర్సు చూయింగ్ గమ్ నమలమంది. జోక్ చేస్తోందనుకున్నాను!

జవాబు: జోక్ కాదు. నములుతుంటే భోజనం వస్తోందని మెదడు భ్రమపడి, నరాల ద్వారా పేగులను లేపుతుంది. సిజేరియన్ తర్వాత దీన్ని బాగానే పరీక్షించారు, 17 పరిశోధనల్లోని 3149 మందిని కలిపి చూస్తే గమ్ నమిలినవాళ్ళకు గ్యాస్ సుమారు ఏడు గంటలు ముందు పోయింది. ఆ పరిశోధనల నాణ్యత అంతంతమాత్రమేనని సమీక్షించినవాళ్ళే ఒప్పుకున్నారు. వెన్ను ఆపరేషన్లలో జరిగినవి ఇంకా చిన్నవి. అయినా మీ విషయంలో పోయేదేముంది, చక్కెర లేని గమ్ అయితే పళ్ళకూ మంచిదే. మత్తు పూర్తిగా దిగి, మింగడం సరిగ్గా ఉన్నప్పుడే నమలాలి. పొట్ట ఉబ్బరంతో పాటు వాంతులు మొదలైతే గమ్ పక్కన పెట్టి డాక్టర్ని పిలవండి.

ప్రశ్న: వెన్ను పక్కకు వంగిందని పదహారో ఏట రాడ్లు వేశారు. ఇప్పుడు ఆరో నెల. సిజేరియన్ తప్పదా? నడుములో సూది వేయలేరట కదా?

జవాబు: రాడ్లు ఉన్నాయన్న ఒక్క కారణంతో సిజేరియన్ అక్కర్లేదు, మామూలు కాన్పులు అయినవాళ్ళు చాలామందే ఉన్నారు. నడుములో సూది సంగతి రాడ్లు ఎంత కిందిదాకా వచ్చాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఛాతీ వెనక భాగంలోనే ఆగితే కింద చోటు దొరుకుతుంది. నడుము పూసలు కూడా అతికించి ఉంటే ఎముక మూసుకుపోయి, లోపల మచ్చ కట్టి సూది దిగడం కష్టం, దిగినా మత్తు ఒక పక్కే ఎక్కవచ్చు. కాబట్టి ఏడో నెలలోనే మత్తు డాక్టర్ని కలవండి. నడుము నొప్పి గర్భంలో సగం మందికి ఉండేదే, కానీ మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, గర్భంలో కూడా ఎంఆర్‌ఐ తీస్తారు, అవసరమైతే ఆపరేషన్ కూడా చేస్తారు. అప్పటి ఆపరేషన్ నోట్‌లో ఏ పూస నుంచి ఏ పూస దాకా అని రాసి ఉంటుంది, ఆ కాగితం వెతికి ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, నొప్పులు మొదలయ్యాక పాత ఫైళ్ళు తిరగేసే ఓపిక ఇంట్లో ఎవరికీ ఉండదు.