ప్రివ్యూలో ఒకలా, యాప్‌లో ఒకలా

తమ్ముడూ,

కథలు మార్క్‌డౌన్‌లో రాయడానికి ఏ ఎడిటర్ వాడాలో చెప్పక్కా అని రాశావు. మార్క్‌డౌన్ అంటే తెలుసుగా, మామూలు టెక్స్ట్‌లోనే స్టార్ల లాంటి గుర్తులు పెట్టి బోల్డ్, ఇటాలిక్ తెప్పించే పద్ధతి. ఎడిటర్ల పేర్లు తర్వాత చెబుతాను. ముందు నువ్వు చెప్పు, నీ కథను చివరికి ఏ యాప్‌లో చదువుతారు? అది తేలితే సగం పని అయిపోయినట్టే.

ఒకే గుర్తుకు ఒక్కోచోట ఒక్కో అర్థం ఉంటుంది. మాటకు అటూ ఇటూ ఒక్కో స్టార్ పెడితే వాట్సాప్‌లో బోల్డ్ అవుతుంది. మార్క్‌డౌన్‌లో అదే పని చేస్తే ఇటాలిక్ వస్తుంది. అక్కడ బోల్డ్ కావాలంటే స్టార్లు రెండేసి ఉండాలి.

నేను దెబ్బతిన్నది ఇంతకంటే చిన్న విషయంలో. కథ మధ్యలో నాలుగు పాదాల పాట రాశాను. ఎడిటర్ ప్రివ్యూలో ఒకదాని కింద ఒకటి చక్కగా కనిపించాయి. యాప్‌లో పెట్టాక నాలుగూ కలిసిపోయి ఒకే వాక్యమైపోయాయి. చదివినవాళ్లకు అది పాట అని కూడా తెలియలేదు. ఎంత బాధపడ్డానో! జాన్ గ్రూబర్ 2004లో మార్క్‌డౌన్‌ను విడుదల చేసినప్పటి నుంచీ ఉన్న నియమమే అది: ఒక్కసారి ఎంటర్ కొడితే లైను మారదు. లైను చివర రెండు స్పేస్‌లు ఉండాలి. నా ఎడిటర్ మాత్రం ఒక్క ఎంటర్‌కే లైను మార్చి చూపించింది. అలా చూపించే యాప్‌లూ ఉన్నాయి, కానీ నా కథ వెళ్లింది అలాంటి దానిలోకి కాదు.

తెలుగు రాసేవాళ్లకు ఇంకో చిక్కుంది. మన విభక్తులు మాటకు అతుక్కునే వస్తాయి కదా. _అడవి_లో అని అండర్‌స్కోర్లతో రాస్తే చాలాచోట్ల ఇటాలిక్ రాదు, ఆ గీతలే పైకి కనిపిస్తాయి. *అడవి*లో అంటే వస్తుంది. కోట్స్ తోడైతే మరీ తంటా. **“వాన”**లో అని రాస్తే చాలాచోట్ల బోల్డ్ కాదు. కోట్స్‌ను స్టార్ల బయటికి తెచ్చి “**వాన**”లో అని రాయి, సరిపోతుంది. అసలు ఇటాలిక్ జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. చాలా తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ లేదు, ఉన్న అక్షరాన్నే పక్కకు వంచి చూపిస్తారు. వత్తులున్న మాటలు చూడటానికి అస్సలు బాగోవు.

ఇక పేర్లు. టైపోరా చాలా హాయిగా ఉంటుంది. టైప్ చేస్తుండగానే గుర్తులు మాయమై ఫలితం కనిపిస్తుంది. కానీ కొత్తగా నేర్చుకునేటప్పుడు ఆ గుర్తులు కళ్లెదుటే ఉండాలి, లేకపోతే తప్పు ఎక్కడ జరిగిందో దొరకదు. అందుకే నీకు వీఎస్ కోడ్ చెబుతాను. కంట్రోల్ కె నొక్కి, వదిలేసి, వి నొక్కితే పక్కనే ప్రివ్యూ తెరుచుకుంటుంది. ఎడమ పక్క నువ్వు రాసింది, కుడి పక్క అది కనిపించే తీరు. రాతలు బాగా పోగయ్యాక అబ్సిడియన్ కూడా చూడు. అందులో రాసినవి నీ ఫోల్డర్‌లోనే మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి కాబట్టి, రేపు ఎడిటర్ మార్చినా రాతలు నీ దగ్గరే ఉంటాయి.

ఏది ఎంచుకున్నా ముందు ఒక పరీక్ష ఫైలు రాసిపెట్టుకో. అందులో నాలుగు పాదాల పాట, విభక్తి అతికిన బోల్డ్ మాట, కోట్స్‌లో సంభాషణ, “స్త్రీ”, “రాష్ట్రం” లాంటి వత్తుల మాటలు ఉండాలి. లైన్ల మధ్య ఎడం తక్కువైతే వత్తుల కాళ్లు తెగిపోతాయి, అది కూడా చూసుకో. ఎడిటర్‌లో ఒకసారి, నీ కథ వెళ్లే యాప్‌లో డ్రాఫ్ట్‌గా ఒకసారి పెట్టి రెండూ పక్కపక్కన చూడు.

ఆ ఫైలు నాకూ పంపు. నా ఫోన్‌లో ఎలా కనిపిస్తోందో స్క్రీన్‌షాట్ తీసి పంపిస్తాను.

నీ అక్క