పెరటి నుంచి పొయ్యి దాకా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం, మూడో అంతస్తు డాబా. ఫిబ్రవరి నెలాఖరులో కిరాణా కొట్టు ధనియాలు కుండీలో చల్లాను. సగమే మొలిచాయి. మొలిచినవి కూడా జానెడు ఎదక్కుండానే సన్నగా సాగి పూతకొచ్చాయి. ఎరువు చాల్లేదా?

జవాబు: ఎరువు కాదండీ, ఎండ. కొత్తిమీర చలికాలపు మొక్క. వేడి ముదిరి పగలు పొడుగయ్యే కొద్దీ ఆకు వేయడం మానేసి గింజ కట్టే పనిలో పడుతుంది. అప్పుడొచ్చే ఆకు దారాలు దారాలుగా ఉంటుంది, వాసనా మారిపోతుంది. ఒకసారి కాడ పైకి లేచాక పూత తుంచినా లాభం లేదు, మళ్లీ ఆకుకు తిరగదు. గింజ పచ్చిగా ఉండగానే కోసి పచ్చిమిర్చితో నూరి పెరుగు పచ్చడిలో కలిపేయండి, కుండీ ఖాళీ చేయండి.

రెండో సంగతి విత్తనం. కొట్లో అమ్మే ధనియాలు గింజ కోసం పండించిన రకాలవి. మన గుంటూరు లాం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వాతి, సాధన, సుధ లాంటివీ గింజ రకాలే. రైతుకు కావలసింది గింజ, మీకు కావలసింది ఆకు. అందుకే విత్తనాల షాపులో ‘ఆకు కొత్తిమీర రకం’ అని అడిగి, ప్యాకెట్ మీద తేదీ చూసి తీసుకోండి. ఏడాది దాటిన గింజ మొలక తగ్గుతుంది.

ధనియం ఒకటిగా కనబడినా లోపల రెండు బద్దలు, రెండు మొక్కలు. గుడ్డలో వేసి చపాతీ కర్రతో మెల్లగా దొర్లిస్తే రెండుగా విడిపోతుంది. నలిగి పొడైతే మొలవదు. విడిపోయినవాటిని రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచి, మరో రోజు తడిగుడ్డలో మూటకట్టి ఉంచాలి. అడుగు వెడల్పు, అడుగున్నర పొడవు, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు ఉన్న టబ్బుకు ఒక పెద్ద చెంచా, అంటే సుమారు 5 గ్రాములు చాలు. పప్పు పోసినట్టు ఒత్తుగా పోస్తే గాలాడక మొదళ్లు మెత్తబడి పడిపోతాయి. దాన్నే నారుకుళ్ళు అంటారు. నాలుగు వేళ్ల ఎడంతో గీతలు గీసి, సెంటీమీటరు లోతులో వేసి, పైన పలచగా మట్టి కప్పండి. మొలక రావడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. చాలామంది అయిదో రోజే ఆశ వదులుకుని మట్టి కెలికి చూస్తారు, అక్కడే మొలక విరిగిపోతుంది. నారు పోసి వేరే చోట నాటడం మాత్రం వద్దు. వేరు కదిలితే మొక్క బెదిరి, ఇంకా ముందే పూతకొస్తుంది.

మన వైపు అక్టోబరు సగం నుంచి జనవరి దాకా, పదిహేను రోజులకో టబ్బు చొప్పున విత్తుకుంటూ పోతే ఇంటికి లోటుండదు. 35-40 రోజులకు కోతకొస్తుంది. మార్చిలో వేయాలనుకుంటే 50 శాతం నీడనిచ్చే వల కింద, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట వేసి, నెల తిరక్కుండానే వేళ్లతో సహా పీకేసుకోండి. మే నెలలో ప్రయత్నమే వద్దు. రోహిణి కార్తెకు రోళ్లే పగులుతాయంటారు, కొత్తిమీర ఎంత!

ప్రశ్న: బ్రాడీపేట, గుంటూరు నుంచి. పుదీనా మొదట గుబురుగా వచ్చింది. ఇప్పుడు టబ్బు అంచుల్లోనే ఆకు, నడుమంతా బోసి. కొన్ని ఆకుల అడుగున నారింజ రంగు పొడి కూడా ఉంది.

జవాబు: పుదీనా మట్టి కింద తీగలు పాకించి బయటికి పరుగెత్తే మొక్క. నడుమ పాత కాడలు ముదిరి చచ్చిపోతాయి. మొత్తం పెకలించి, అంచున ఉన్న తెల్లటి లేత తీగల్ని నాలుగంగుళాల ముక్కలుగా కోసి, కొత్త మట్టిలో రెండు వేళ్ల లోతున పడుకోబెట్టండి. లోతు కన్నా వెడల్పు ముఖ్యం. వేరే మొక్క ఉన్న కుండీలో మాత్రం పెట్టకండి, దాన్ని మింగేస్తుంది.

ఆ పొడి తుప్పు తెగులు. పొడి పట్టిన కాడల్ని మట్టి దాకా కోసి చెత్తలో వేయండి, కంపోస్టులో వద్దు. సాయంత్రం పూట ఆకుల మీద నీళ్లు చల్లడం మానేయండి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగులు తిరగబెడుతుంది.

ప్రశ్న: పట్టాభిపురం, గుంటూరు. మా పెరట్లో గుమ్మడి, అవిసె, మునగ, శంఖుపుష్పం, మందారం, నందివర్ధనం, గన్నేరు ఉన్నాయి. ఏ పూలు వంటకు పనికొస్తాయి? గుమ్మడికి పూలే తప్ప పిందెలు లేవు.

జవాబు: ముందు వద్దన్నవి చెప్పుకుందాం. గన్నేరు, పచ్చ గన్నేరు, ఉమ్మెత్త: వీటిలో ఏ భాగమూ వంటింటి గడప దాటకూడదు. గన్నేరు విషం గుండె మీద పనిచేస్తుంది, ఉడికించినా పోదు. నందివర్ధనం పూజకే ఉంచండి. పూల మార్కెట్లో కొన్న గులాబీలు, బంతులు కూడా తినడానికి కాదు. పురుగుమందు కొట్టేటప్పుడు వాటిని ఎవరో తింటారని ఎవరూ అనుకోరు.

గుమ్మడికి మీరు భయపడక్కర్లేదు. తీగ మొదటి రెండు వారాలు దాదాపు మగ పూలే పూస్తుంది. అవి ఎలాగూ రాలిపోయేవే కాబట్టి కోసుకు తినండి. సన్నటి పొడుగు కాడ ఉంటే మగది, పువ్వు కింద చిన్న గుమ్మడికాయలా ఉబ్బు ఉంటే ఆడది. ఆడ పూలు మొదలయ్యాక మాత్రం తీగకు రెండు మూడు మగ పూలు వదలాలి, లేకపోతే పిందె పసుపెక్కి రాలుతుంది. కోయాల్సింది తెల్లవారుజామున, రేకులు విచ్చుకుని ఉన్నప్పుడు. పది దాటితే ముడుచుకుని లోపల చీమల్ని దాచుకుంటుంది. నడుమనున్న పుప్పొడి కాడ గిల్లేసి, ఒక్కసారి నీళ్లలో ముంచి, గుడ్డ మీద ఆరనివ్వండి. తడి పువ్వుకు పిండి పట్టదు, నూనె చిటపటలాడుతుంది. డజను పూలకు కప్పు శనగపిండి, రెండు చెంచాల బియ్యప్పిండి, అర చెంచా వాము, ఉప్పు, కారం సరిపోతాయి. పిండి దోసెల పిండి కన్నా కాస్త చిక్కగా ఉండాలి.

అవిసె పువ్వులో చేదంతా నడుమ ఉన్న కేసరాల్లోనే ఉంటుంది. పువ్వు వీపున గోటితో చీల్చి, ఆ కొడవలి లాంటి కాడని, ఆకుపచ్చ తొడిమనీ తీసేయండి. నానిన పెసరపప్పు సగం ఉడికాక పూలు వేసి అయిదు నిమిషాల్లో దించేయాలి. ఎక్కువసేపు ఉంచితే జిగటగా ముద్దవుతుంది.

మునగ పూత తింటే కాయలు తగ్గుతాయని కొందరి దిగులు. చెట్టు ఎలాగూ పూతలో ఎక్కువ భాగం రాల్చేస్తుంది. రాత్రి చెట్టు కింద పాత చీర పరిచి, పొద్దున్నే ఏరుకుంటే కొమ్మ ముట్టుకోనే అక్కర్లేదు. ఉల్లిపాయతో వేపుడుకు అదే చాలు.

శంఖుపుష్పం రంగుకే, రుచి పెద్దగా ఉండదు. అయిదారు పూల తొడిమలు తీసి గ్లాసు వేణ్నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచితే నీలం దిగుతుంది. నిమ్మరసం పడగానే ఊదా రంగుకు తిరుగుతుంది కాబట్టి నిమ్మకాయ ఆఖర్న, అతిథి ముందే పిండండి. గింజలు, వేర్లు మాత్రం తినొద్దు, విరేచనాలవుతాయి. మందారం రేకులు పలచగా పుల్లగా ఉంటాయి, సలాడ్‌లో బాగుంటాయి, అంతకు మించి ఏమీ లేదు.

ప్రశ్న: భవానీపురం, విజయవాడ. కరివేపాకు చిగుళ్లు ముడుచుకుని, బంకగా ఉన్నాయి. కింది ఆకుల మీద మసి. పుల్లమజ్జిగ పోస్తే తగ్గుతుందా?

జవాబు: తగ్గదు. చిగురు రసం పీల్చే పురుగులు వదిలే తియ్యటి బంక కింది ఆకుల మీద పడి, దాని మీద మసి లాంటి బూజు పడుతోంది. పురుగు పోతే మసి కూడా పోతుంది. ముడుచుకున్న చిగుళ్లు కోసేయండి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె తీసుకుని, ముందు నూనెలో అయిదారు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం కలిపి, తర్వాత నీళ్లు పోయాలి. వరస తప్పితే నూనె పైన తేలి ఆకుని మాడుస్తుంది. ఆకుల అడుగు తడిసేలా సాయంత్రం పూట వారానికోసారి, మూడు వారాలు కొట్టండి. చివరిసారి కొట్టిన వారం తర్వాత కడిగి వాడుకోండి.

కోసేటప్పుడు రెబ్బలు దూయకుండా కొమ్మ చివర నాలుగైదంగుళాలు తుంచండి. తుంచిన చోట రెండు మూడు పిలకలు వస్తాయి. తెల్ల పూల గుత్తి కనబడితే అదీ గిల్లేయండి.

ప్రశ్న: అరండల్‌పేట, గుంటూరు. ఎర్ర గోంగూరకు పూలు రాలాక ఎర్రటి కాయలు వచ్చాయి. వాటితో పచ్చడి చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు, కానీ తినేది కాయ కాదు, దాన్ని చుట్టుకుని ఉన్న కండగల ఎర్ర రేకులు. పువ్వు రాలిన పది రోజులకు, రేకు వంచితే ఫట్‌మని విరిగేటప్పుడు కోయాలి. ఆలస్యమైతే పీచు పడుతుంది. తొడిమ వైపు కోసి, వెనక నుంచి వేలితో నెడితే లోపలి పచ్చకాయ బయటికి వచ్చేస్తుంది. ఆకు పచ్చడిలాగే ఎండుమిర్చి, మెంతులు, వెల్లుల్లి వేసుకోండి. ఈ రేకులే పులుపు కాబట్టి చింతపండు అక్కర్లేదు. స్టీలు గిన్నెలోనే మగ్గించండి, అల్యూమినియం పులుపుకు నల్లబడుతుంది. జూన్‌లో విత్తినా ఆగస్టులో విత్తినా, పగలు కుదించుకునే దసరా రోజుల్లోనే పూతకొస్తుంది. ఆలస్యంగా విత్తితే మొక్క ఎదగకుండానే పూసేసి గుప్పెడు రేకులే ఇస్తుంది.