ఏ వేగం గురించి రాశావు?

అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితోపాటు పంపిన విమానాల వ్యాసమూ అందాయి. "మీరు" అనవద్దన్నావు కాబట్టి "నువ్వు" అనే రాస్తున్నాను. వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఎక్కడా ఆగకుండా చదివించావు, అది చిన్న సంగతి కాదు. రెండోసారి ఎర్రసిరా కలం పట్టుకుని కూర్చుంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను.

"విమానం గంటకు 900 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది." ఏ విమానం? చిన్న ఊళ్ళకు తిరిగే ప్రొపెల్లర్ల ఏటీఆర్ గంటకు 500 దగ్గరే ఆగుతుంది. మనవాళ్ళు ఎక్కువగా ఎక్కే ఎయిర్‌బస్ ఏ320 పైకి వెళ్ళాక 830 ప్రాంతంలో పోతుంది. సముద్రాలు దాటే బోయింగ్ 787 అయితే నీ 900కి సరిపోతుంది. ఇది దిద్దుకోవడం తేలికే, ఒక మాట చేరిస్తే చాలు. నన్ను ఆపింది వేరే. ఈ 900 నేలను బట్టా, గాలిని బట్టా? చివరిదాకా వెతికాను, ఎక్కడా చెప్పలేదు. ఒక పేరాలో నేలను బట్టి వచ్చిన అంకె, తరువాతి పేరాలో గాలిని బట్టి వచ్చిన అంకె, రెండూ ఒకే తక్కెడలో తూచినట్టు పక్కపక్కన కూర్చున్నాయి.

నిన్ను తప్పుపట్టే అర్హత నాకుంది. ఈ తప్పు నేను నీకంటే ఘనంగా చేశాను. ముప్పై ఏళ్ళ కిందట, ఒక జనవరిలో, అమెరికా నుంచి తిరిగి వస్తున్నాను. అట్లాంటిక్ మీద అందరూ నిద్రపోతుంటే నేను ముందున్న తెర మీద మారే అంకెలు చూస్తున్నాను. 1,040. 1,085. 1,110. బయట మైనస్ 56 డిగ్రీలు. అంత చలిలో శబ్దవేగం గంటకు 1,060 కిలోమీటర్లేనని అంతకుముందే చదివి ఉన్నాను. ఇంకేముంది, భోజనం పలక మీద కాగితం పెట్టుకుని "నేను శబ్దాన్ని దాటిన రాత్రి" అని శీర్షిక రాసేశాను. వ్యాసం అచ్చయింది. పది రోజులకు ఒక పోస్టుకార్డు వచ్చింది. వైమానిక దళంలో మెకానిక్‌గా పనిచేసి విరమించిన పెద్దమనిషి, ముత్యాల్లాంటి దస్తూరి. "అయ్యా, మీరు దాటినది మైలురాళ్ళను, శబ్దాన్ని కాదు. వెనుక నుంచి తోసిన గాలికి కూడా మీ వ్యాసంలో కాస్త చోటిచ్చి ఉండవలసింది." ఆ కార్డు ఇప్పటికీ నా నిఘంటువులో ఉంది.

గోదావరి మీద పడవ ఎక్కినవాళ్ళకు ఈ సంగతి విడిగా చెప్పనక్కరలేదు. అదే ఇంజను, అదే మోత, పడవ ముక్కు దగ్గర నీళ్ళు చీలే తీరు కూడా అదే. ఏటివాలున అరగంటలో వచ్చిన రేవు, ఎదురు వెళ్ళేటప్పుడు గంటైనా రాదు. విమానానికి గాలే ఏరు. నేనెక్కిన విమానం తన చుట్టూ ఉన్న గాలిలో ఎప్పటిలాగే 900తో పోతోంది. ఆ గాలి మొత్తం 200 వేగంతో తూర్పుకు పారుతోంది. శబ్దం కూడా ఆ గాలిలోనే ప్రయాణిస్తుంది కనుక, దాన్ని దాటామో లేదో గాలిని బట్టే తేలుతుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలులు వెనుక నుంచి తోస్తే బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేలను బట్టి 1,300 దాటింది, శబ్దాన్ని మాత్రం దాటలేదు. 1996లో శబ్దం కంటే వేగంగా పోయే ప్రయాణికుల విమానం కాంకర్డ్ అదే దారిని 2 గంటల 53 నిమిషాల్లో ముగించింది. అది నిజంగా దాటింది, రెండింతలు దాటింది. నువ్వు ఈ రెంటినీ ఒకే వాక్యంలో "రికార్డులు" అని కట్టేశావు. విడదీయి.

నాకు బాగా నచ్చింది రైట్ సోదరుల పేరా. దాన్ని సగంలో వదిలేశావు. 1903 డిసెంబరు 17న మొదటిసారి 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరారని రాసి, "ఎంత నెమ్మదో!" అని ఆశ్చర్యపోయి ముందుకు వెళ్ళిపోయావు. భాగహారం చేసి చూడు. సెకనుకు 10 అడుగులు, అంటే గంటకు 11 కిలోమీటర్లు. బస్సు అందుకోవడానికి పరుగెత్తే మనిషి వేగం. ఆ వేగానికి ఏ రెక్కా మనిషిని లేపదు. మరెలా లేచింది? ఆ ఉదయం అమెరికాలోని కిట్టీహాక్ ఇసుకలో ఎదురుగాలి గంటకు 40 కిలోమీటర్ల దాకా ఉంది. రెక్కలకు తగిలింది రెండూ కలిసిన వేగం, 50కి అటూఇటూ. రెక్కకు నేలతో పని లేదు, తన మీదుగా పారే గాలితోనే పని. ఇవాళ్టి విమానాలు వీలైనంతవరకు ఎదురుగాలికి ముఖం పెట్టి లేచేదీ అందుకే. ఇంత కథ నీ చేతిలోని రెండు అంకెల్లోనే ఉంది.

ఎత్తు, వేడి, బరువు వేగాన్ని "ప్రభావితం చేస్తాయి" అని ఒక్క ముక్కలో తేల్చావు. ఎలా చేస్తాయో కంటికి కనపడాలి. లద్దాఖ్‌లోని లేహ్‌ను తీసుకో. అక్కడి విమానాశ్రయం 10,682 అడుగుల ఎత్తున ఉంది. గాలి పలచన. పలచని గాలి రెక్కను మోయాలంటే మరింత వేగంగా పారాలి, కాబట్టి విమానం రన్‌వే మీద మరింత వేగంగా, మరింత దూరం పరుగెత్తాలి. ఇంజన్లు పీల్చేదీ ఆ పలచని గాలినే, వాటి బలమూ తగ్గుతుంది. ఎండెక్కితే గాలి ఇంకా పలచబడుతుంది, కొండల మధ్య ఈదురుగాలి మొదలవుతుంది. అందుకే అక్కడి రాకపోకలు చాలావరకు పొద్దున్నే ముగుస్తాయి. తమాషా ఏమిటంటే, బరువు ఒకటే అయితే విమానం లేచేటప్పుడు పైలట్ ముందున్న వేగసూచి చెన్నైలో చూపించే అంకెనే లేహ్‌లోనూ చూపిస్తుంది. అది కొలిచేది సన్నని గొట్టంలోకి తోసుకువచ్చే గాలి ఒత్తిడిని. 35,000 అడుగుల పైన గాలిలో 830తో పోతున్నా ఆ ఒత్తిడి లెక్కన 500 లోపే చూపిస్తుంది. గొట్టం పేరు పీటో గొట్టం. 1732లో ఆన్రీ పీటో అనే ఫ్రెంచి ఇంజనీరు సేన్ నది వేగం కొలవడానికి దీన్ని కనిపెట్టాడు. మళ్ళీ ఏటి దగ్గరికే వచ్చాం చూడు.

"ఇంత సాంకేతికత ఉండి ఇంకా వేగంగా ఎందుకు వెళ్ళలేకపోతున్నాం?" అని అడిగి వదిలేశావే, నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది. 1960లనాటి బోయింగ్ 707కూ ఇవాళ్టి 787కూ వేగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. శబ్దవేగానికి చేరువయ్యేకొద్దీ, రెక్క పైభాగాన పారే గాలి విమానం కంటే ముందే ఆ గీత దాటుతుంది. అక్కడ ఆఘాత తరంగం, అంటే గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయే పలచని పొర, పుట్టి, గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ పైన ప్రతి కిలోమీటరుకూ ఇంధనం దోసిళ్ళతో పోయాలి. జెట్ విమానాల రెక్కలు వెనక్కి వాలి ఉండేది ఆ ఘడియను కాస్త వాయిదా వేయడానికే. కాంకర్డ్ ఆ గీత దాటి 27 ఏళ్ళు ప్రయాణికులను మోసి, 2003లో మూలన పడింది. ఇప్పుడు వేగాన్ని నిర్ణయించడంలో డబ్బు లెక్కకూ వాటా ఉంది. కాక్‌పిట్ కంప్యూటర్‌లో పైలట్లు కాస్ట్ ఇండెక్స్ అనే ఒక అంకె వేస్తారు. సమయానికి అయ్యే ఖర్చుకూ ఇంధనానికి అయ్యే ఖర్చుకూ మధ్య బేరం ఆ అంకె. ఇంధనం ధర పెరిగితే అంకె తగ్గుతుంది, విమానం కాస్త నెమ్మదిస్తుంది, లోపలివాళ్ళకు తెలియను కూడా తెలియదు. దీన్ని తప్పకుండా రాయి. పెట్రోలు మిగులుతుందని స్కూటరును నలభై దాటించని తండ్రులు మన ఇళ్ళలో ఎంతమంది లేరు!

జెట్ ప్రవాహాన్ని, అంటే చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు ఏరులా పారే బలమైన గాలిని, ఒక్క వాక్యంతో ముగించావు. అక్కడ ఒక మనిషి ఉన్నాడు. ఓయిషి వసబురో అనే జపాను వాతావరణ శాస్త్రవేత్త 1920లలో తటెనోలో బెలూన్లు వదిలి, ఆకాశంలో పడమటి నుంచి ఎంత ఉద్ధృతంగా గాలి పారుతోందో కొలిచాడు. ప్రపంచమంతా చదవాలని తన నివేదికను అన్ని దేశాలవాళ్ళకూ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన ఎస్పెరాంతో భాషలో అచ్చువేయించాడు. జపాను బయట పట్టించుకున్నవాళ్ళు లేరు. 1944 చివర్లో టోక్యో మీదికి వచ్చిన అమెరికా బీ-29 బాంబర్లు ఆ గాలిలో పడి గురి తప్పాయి, అప్పుడు తెలిసివచ్చింది దాని బలం. ఆయనంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. తెలుగులో సైన్సు రాసేవాడికి అది ఎందుకో చెప్పనక్కరలేదు. ఆ గాలి వాడకం గురించి కావాలంటే, 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ దారి మాని పసిఫిక్ మీదుగా తూర్పుకు తిరగడం చెప్పు. దూరం పెరిగింది, ప్రయాణ సమయం తగ్గింది. అమెరికాలో పిల్లలున్న పాఠకులు ఆ పేరాను రెండుసార్లు చదువుతారు.

ఇక మాటలు. వెనుక నుంచి వచ్చే గాలిని "పృష్ఠ పవనం" అన్నావు. నవ్వాను, క్షమించు. ఎదురుగాలి అంటే సైకిలు తొక్కిన ప్రతివాడికీ తెలుసు, దానికి జోడీగా వెనుకగాలి అంటే చాలు. విమానాల, ఓడల వేగం కొలిచే నాట్‌ను "ముడి" చేయకు. గంటకు 1.852 కిలోమీటర్లని ఒకసారి చెప్పి, నాట్ అనే వాడు. "దూసుకుపోవడం" ఏడుసార్లు వచ్చింది, ఏడూ కొట్టేశాను. లోపల కప్పులో కాఫీ కూడా తొణకదే, దూసుకుపోవడం ఎవరికి కనిపించింది?

మీ బాబాయి రాజమండ్రి విమానాశ్రయంలో పనిచేస్తారని రాశావు కదా. ఈ ఆదివారం వెళ్ళి, రన్‌వే పక్కన స్తంభానికి వేలాడే గుడ్డ గొట్టం ఎటువైపు ఊగుతోందో, ఆ సమయంలో విమానం ఏ దిక్కుకు లేచిందో రెండూ రాసుకో. మొదటి పేరా అక్కడినుంచి మొదలుపెట్టి, వ్యాసం మళ్ళీ పంపు. ఈసారి పెన్సిలుతో చదువుతాను.