చదివే పిల్లకు ఈ-రీడరా, ట్యాబా: కొనేముందు చూసుకోవలసిన ఖర్చు

విదేశానికి కొత్తగా వచ్చిన మీరు, చదివే మీ పాపకు ఈ-రీడర్ (పుస్తకాలు చదవడానికే చేసిన తెర పరికరం) కొనాలా, ట్యాబ్ కొనాలా అని అడిగారు. ప్రశ్న పెద్దదే కానీ జవాబు చిన్నది. తొమ్మిదేళ్ళ మీ అమ్మాయి నిజంగా పుస్తకం చేతిలో ఉంటే పిలిచినా పలకని రకమైతే ఈ-రీడర్ కొనండి, ట్యాబ్ జోలికి పోకండి. అంతకంటే ముందు, వీలైతే ఈ వారంలోనే, మీరుంటున్న చోటి పబ్లిక్ లైబ్రరీలో ఆమె పేరు మీద కార్డు తీయించండి. మీరు వేసి పంపిన పట్టికలో తెర సైజు, స్టోరేజీ, ప్రాసెసరు, చివరికి కెమెరా కూడా ఉన్నాయి కానీ, కొన్న తరువాత నెలనెలా ఎంత పోతుందన్న గడి మాత్రం లేదు. కొత్తగా వచ్చినవాళ్ళందరూ ఇలాంటి పట్టికే వేస్తారు. నేనూ వేశాను, పైగా ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చి పక్కన రాసుకుని, గుండె పట్టుకుని కూర్చున్నాను. పరికరానికి ఇచ్చే డబ్బు ఒక్కసారితో పోతుంది. దాని వెనక ఉండే అకౌంటు, సబ్‌స్క్రిప్షను, పుస్తకాల దుకాణం మాత్రం ఏళ్ళ తరబడి మీ కార్డును పట్టుకుని వదలవు కనుక, ఎంపిక అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ఈ-రీడర్ తెరలో నల్లని, తెల్లని సూక్ష్మమైన రేణువులుంటాయి. విద్యుత్తు తగిలినప్పుడు అవి పైకీ కిందికీ కదిలి అక్షరాలుగా కుదురుకుంటాయి, ఆ తరువాత అలాగే నిలిచి ఉండటానికి కరెంటు అక్కరలేదు. అందుకే ఒకసారి ఛార్జి చేస్తే వారాల తరబడి వస్తుంది. ఈ తెరలు చేసే ‘ఈ-ఇంక్’ అనే కంపెనీ 1997లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్ పరిశోధన నుంచి పుట్టింది. 2004లో సోనీ, 2007లో అమెజాన్ ఆ తెరతో రీడర్లు తెచ్చాయి. ఇప్పుడు చవకరకం రీడర్లలో కూడా అంగుళానికి 300 చుక్కల స్పష్టత దొరుకుతోంది, ఆరంగుళాల రీడరు బరువు 160 గ్రాములకు అటూఇటూగా ఉంటుంది, 16 జీబీ స్టోరేజీలో వేల పుస్తకాలు పడతాయి. ఆడియో పుస్తకాలు వినే అలవాటు లేకపోతే అంతకు మించిన స్టోరేజీకి పైకం పెట్టడం దండగ. తెర నెమ్మదిగా మారుతుందనీ, వీడియోలు ఆడవనీ మీవారు అభ్యంతరం చెప్పారని రాశారు. మీరు డబ్బిచ్చి కొనుక్కునేది ఆ నెమ్మదినేనని వారికి చెప్పండి.

మా అబ్బాయికి మీ అమ్మాయి వయసున్నప్పుడు నేను ట్యాబ్ కొన్నాను. ఒకే వస్తువుతో పుస్తకాలు, బడి పని, తాతయ్యా నాయనమ్మలతో వీడియో కాలు అన్నీ జరిగిపోతే రెండు కొనడం దేనికన్నది అప్పటి నా తెలివి. మొదట్లో వాడు బాగానే చదివాడు. ఒక సాయంత్రం వాడి వెనక నిలబడి చూస్తే అసలు సంగతి తెలిసింది: పేజీలో రెండో వాక్యం మీద ఉండగానే తెర పైనుంచి ఏదో ఆట తాలూకు నోటిఫికేషను జారింది, వాడి బొటనవేలు దాని మీదికి వెళ్ళింది, తిరిగి పుస్తకంలోకి వచ్చేసరికి వాడు అదే పేజీని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. కొంతకాలానికి పుస్తకాల యాప్ చివరి పేజీలోకి, ఆటల వెనక్కి చేరిపోయింది. పిల్లవాడిని ఏమనగలం, ఆ వస్తువును అలాగే తయారుచేశారు.

ఇంతకంటే నన్ను బాధపెట్టింది కార్డు స్టేట్‌మెంటు. యాప్‌లు దించుకోవడానికి అకౌంటులో నా కార్డు పెట్టి, కొనుగోలుకు పాస్‌వర్డు అడిగే సెట్టింగు పెట్టకుండా వదిలేశాను. ఆటలో రత్నాలో నాణేలో కొన్నట్టు చిన్న చిన్న మొత్తాలు వరుసగా పడ్డాయి. ఒక్కొక్కటి కంటికి ఆనదు, కూడితే ఒక మంచి రీడరు వచ్చేది. దానికి తోడు, ట్యాబ్‌తో ఉచితంగా ఇచ్చిన పిల్లల పుస్తకాల సబ్‌స్క్రిప్షను గడువు అయిపోగానే దానంతట అదే డబ్బు కట్టే సబ్‌స్క్రిప్షనుగా మారి, వాడు ఆ యాప్ తెరవడం మానేసిన తరువాత కూడా నెలనెలా కోసుకుంటూ పోయింది. ఫోను చేసి గట్టిగా మాట్లాడితే ఆట డబ్బులో కొంత వెనక్కి వచ్చింది, సబ్‌స్క్రిప్షను డబ్బు మాత్రం రాలేదు. అప్పటి నుంచి ఏ ఉచిత గడువు తీసుకున్నా, తీసుకున్న రోజే రద్దు కూడా చేసేస్తాను; చాలా సేవల్లో రద్దు చేసినా గడువు చివరిదాకా వాడుకోవచ్చు. ఎవరో చెబితే నేర్చుకున్నది కాదిది, నా డబ్బుతో నేర్చుకున్నది. మీకు ఊరికే వస్తోంది కనుక రాసి పెట్టుకోండి.

ఈ-రీడర్లలో కూడా పావలా కోడికి ముప్పావలా మసాలా అన్న సామెత వర్తించే చోట్లు లేకపోలేదు. కొన్ని మోడళ్ళు నిద్రాస్థితిలో తెర మీద ప్రకటనలు చూపిస్తాయి, అందుకే అవి కాస్త చవక. పిల్లకు కొంటున్నప్పుడు ఆ తేడా డబ్బు కట్టేసి ప్రకటనలు లేనిదే తీసుకోవాలని నా అభిప్రాయం, నా నోటి నుంచి ఇలాంటి మాట అరుదుగా వస్తుంది. అమెజాన్ వారి రీడరైన కిండిల్‌లో పిల్లల కోసమని విడిగా అమ్మేదాంట్లో ఉండేది అదే యంత్రం. దానితో పాటు ప్రకటనలు లేకపోవడం, ఒక కవరు, కొంతకాలం సబ్‌స్క్రిప్షను, అమెరికాలో అయితే రెండేళ్ళలోపు విరగ్గొట్టినా మార్చి ఇస్తామన్న హామీ వస్తాయి. కవరు విడిగా కొంటే ఎంతవుతుందో, హామీకి విలువ ఎంతో వేసుకుంటే చాలాసార్లు అదే లాభసాటి, సబ్‌స్క్రిప్షను రద్దు చేయడం మరిచిపోనంతవరకు. స్వదేశం నుంచి వచ్చేవాళ్ళ చేత తెప్పించుకుంటే చవక కదా అని రాశారు. వారంటీ సాధారణంగా కొన్న దేశంలోనే చెల్లుతుంది, తెర పగిలిన రోజున ఆ మిగులు అంతా పోతుంది.

అకౌంటు విషయం ఇంకా జాగ్రత్తగా వినండి. ట్యాబ్ తరువాత మా అబ్బాయికి రీడరును ఇక్కడే కొన్నాను కానీ, అలవాటు కొద్దీ స్వదేశపు అకౌంటుతోనే దాన్ని రిజిస్టరు చేసి అందులోనే పుస్తకాలు కొన్నాను. తరువాత ఇక్కడి కార్డు పెడితే తీసుకోలేదు, ఇక్కడి దుకాణంలో కనిపించే పిల్లల పుస్తకాలు అక్కడ కనిపించలేదు. సరేనని మా ఆవిడ పేరు మీద కొత్త అకౌంటు తెరిచి రీడరును దానికి మార్చేసరికి, పాత అకౌంటులో కొన్నవన్నీ వాడి చేతిలోని రీడరు నుంచి మాయమయ్యాయి. వాడికి ఇష్టమైన కథల వరుసలో మొదటి భాగాలు ఒక అకౌంటులో, మిగిలినవి ఇంకో అకౌంటులో ఉండిపోయాయి. మొదటి భాగాన్ని మళ్ళీ కొనమని వాడు అడిగితే, ఒకసారి కొన్న పుస్తకానికి రెండోసారి డబ్బు కట్టడానికి నాకు మనసొప్పలేదు. అందుచేత మీరు కొనే రోజునే, ఇప్పుడు నివాసముంటున్న దేశం పేరుతో, మీ దంపతుల్లో ఒకరి అకౌంటు మీద రిజిస్టరు చేసి, పాపకు దాని కింద పిల్లల ప్రొఫైలు పెట్టండి. పిల్లలు సొంతంగా అకౌంటు తెరవడానికి వయోపరిమితి అమెరికాలో 13, యూరప్‌లో దేశాన్ని బట్టి 13 నుంచి 16 దాకా ఉంది. దేశం మార్చుకునే నియమాలు కంపెనీల సహాయపు పేజీల్లో దొరుకుతాయి.

ఇక లైబ్రరీ. ఇది తెలిసిన నాటి నుంచి మా ఇంట్లో పిల్లల పుస్తకాల ఖర్చు దాదాపు సున్నా అని గర్వంగానే చెప్పుకుంటాను. చాలా దేశాల్లో పబ్లిక్ లైబ్రరీలు, వాటికి ఈ-పుస్తకాలు అందించే ఓవర్‌డ్రైవ్ అనే కంపెనీ వారి లిబ్బీ యాప్ ద్వారా ఈ-పుస్తకాలను ఉచితంగా అరువిస్తాయి. గడువు తీరగానే పుస్తకం దానంతట అదే మూసుకుంటుంది కనుక ఆలస్యపు రుసుము అన్న మాటే లేదు. రీడరు ఎంపిక ఇక్కడే తేలుతుంది. లిబ్బీలో తీసుకున్న పుస్తకాన్ని కిండిల్‌కు పంపుకునే వీలు అమెరికా లైబ్రరీల సభ్యులకు మాత్రమే ఉంది. కిండిల్‌కు పోటీగా ఉన్న కోబో అనే కంపెనీ రీడర్లు చాలావాటిలో ఓవర్‌డ్రైవ్ లోపలే ఉంటుంది, లైబ్రరీ కార్డుతో లాగిన్ అయితే రీడరు మీదే వెతికి అరువు తీసుకోవచ్చు. కాబట్టి అమెరికాలో అయితే రెండింటిలో ఏది చవకగా వస్తే అది, మరోచోట అయితే ముందు కోబో వైపు చూడండి. మీ లైబ్రరీకి ఓవర్‌డ్రైవ్ ఉందో లేదో కౌంటరులో అడిగితే నిమిషంలో చెబుతారు. కార్డుకు చిరునామా రుజువు అడుగుతారు, అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో వెంట పెట్టుకోండి. పేరున్న పుస్తకాలకు వరుసలో వేచి ఉండాల్సి వస్తుంది, ఒకేసారి నాలుగైదింటికి పేరు రాయించి ఉంచితే పిల్ల చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది.

అరువు మీద నాకింత మోజు ఎందుకంటే, ఈ-పుస్తకం కొన్నా అది మన సొంతం కాదు, చదువుకునే అనుమతి మాత్రమే. 2009 జూలైలో అమెజాన్, హక్కులు లేని ప్రచురణకర్త అమ్మిన ప్రతులను పాఠకుల కిండిళ్ళలోంచి దూరం నుంచే తొలగించి, డబ్బు వాపసు ఇచ్చి, తరువాత క్షమాపణ చెప్పింది. మైక్రోసాఫ్ట్ 2019 ఏప్రిల్‌లో తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసింది, ఆ జూలైలో కొన్న పుస్తకాలు తెరుచుకోవడం మానేశాయి, అక్కడా డబ్బు వెనక్కి వచ్చింది. కొన్న పుస్తకాన్ని కంప్యూటరులోకి దించుకుని తీగతో కిండిల్‌లోకి ఎక్కించుకునే వీలును అమెజాన్ 2025 ఫిబ్రవరి 26న తీసేసింది. పిల్ల పదేపదే చదివే నాలుగు పుస్తకాలుంటే అచ్చు పుస్తకాలే కొనండి. ఆమె పెద్దయ్యాక ఎవరికైనా ఇచ్చుకోవచ్చు, అమ్ముకోనూ వచ్చు.

తెలుగు పుస్తకాలు కూడా అందులోనే చదివించాలని మీ ఆశ. అమెజాన్ 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలను కిండిల్‌లోకి తెచ్చినప్పుడు ఆ ఐదింటిలో తెలుగు లేదు. అయినా దారులున్నాయి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు పిల్లల కథలు ఉచితంగా ఉన్నాయి, దించుకోవచ్చు కూడా. రీడరు కొన్న వెంటనే, వాపసు గడువు దాటకముందే, తెలుగు ఈపబ్ (ఈ-పుస్తకాలకు వాడే ఫైలు రకం) ఫైలు ఒకటి ఎక్కించి ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి మాటలు ఎలా పడుతున్నాయో చూడండి. ష కింద ట వత్తు, ర వత్తు కుదురుగా కూర్చుంటే సరే. వత్తులు విడిపోయి పక్కన వరుసగా నిలబడితే మండలి, రామభద్ర వంటి ఉచిత ఫాంట్లలో ఒకదాన్ని రీడరులోని ఫాంట్ల ఫోల్డరులో వేసి మళ్ళీ చూడండి. స్కాన్ చేసిన పాత పుస్తకాల పీడీఎఫ్‌లను మాత్రం ఆరంగుళాల తెర మీద ప్రయత్నించకండి. పేజీ మొత్తం కుదించుకుపోయి అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, పెద్దవి చేస్తే ప్రతి వరుసకూ పక్కకు జరపాలి. వాటికి ఇంట్లో ఉన్న పాత ట్యాబో కంప్యూటరో చాలు, ఆ పీడీఎఫ్‌లు ఉన్నాయి కదా అని కొత్త ట్యాబ్ కొనవలసిన పని లేదు.

బొమ్మల కథలు, కామిక్సు ఆమెకు ప్రాణమైతే రంగుల రీడర్లున్నాయి. 2024లో కోబో, అమెజాన్ రెండూ తెచ్చాయి. వాటిలో నలుపు తెలుపు అక్షరాలకు అంగుళానికి 300 చుక్కలుంటే రంగుకు 150 మాత్రమే. అచ్చులో చూసిన మెరుపు రాదు, ధర మాత్రం మెరుస్తుంది. లైబ్రరీ అలమరాల్లో కామిక్సు గుట్టలుగా ఉండగా దానికి డబ్బు పోయనవసరం లేదు. కళ్ళ విషయం అడిగారు కనుక చెబుతున్నాను: ఏ తెర అయినా మధ్యమధ్య తల ఎత్తి దూరంగా చూడటం అలవాటు చేయండి, రాత్రి రీడరు వెలుతురు తగ్గించి గదిలో దీపం వెలిగించండి, తక్కింది కంటి వైద్యుడు చెబుతాడు.

చివరిగా, వాడిన రీడరు కొనే ఆలోచన మంచిదే, మా రెండో రీడరు అలా కొన్నదే. కంపెనీయే బాగుచేసి వారంటీతో అమ్మేది దొరికితే అదే మేలు. మరీ పాత మోడలైతే అప్‌డేట్లు ఆగిపోయి ఉంటాయి, కనుక మోడలు ఏ సంవత్సరానిదో ముందే అడగండి. వ్యక్తి దగ్గర కొంటే డబ్బు ఇవ్వకముందే అతని ఎదుటే ఆన్ చేయించండి, అతని అకౌంటు తీసేయించండి, మీ ఫోను హాట్‌స్పాట్‌తో మీ అకౌంటులోకి వెళ్ళి పుస్తకం ఒకటి దించి చూడండి. పేజీలు తిప్పుతున్నా ఒక మూల కదలని గీత గానీ, నల్లటి మచ్చ గానీ ఉండిపోతే లోపలి తెర పగిలిందని అర్థం. దాన్ని మార్పించే ఖర్చుతో ఇంకో రీడరు వస్తుంది, ఎంత తగ్గిస్తానన్నా తీసుకోకండి.